వంద నోటు మీది దిగుడుబావి

మొన్న పర్వత్ పాటియాలో చాయ్ తాగి రెండు వందల నోటు ఇస్తే, బండివాడు ఒక వంద నోటూ కొంత చిల్లరా చేతిలో పెట్టాడు. నేను ఆ వంద నోటును తిప్పి వెనకవైపు చూస్తూ నిలబడిపోయాను. ఎంతసేపు నిలబడ్డానంటే, నా వెనక నిలబడ్డవాడికి గడ్డం మాసింది. బండివాడికి అనుమానం వచ్చింది.

"క్యా భాయ్, నకలీ హై క్యా?"

"అస్లీనే."

"మరి ఏం చూస్తున్నావ్?"

"బావి."

వాడు నోటు లాక్కుని చూశాడు. రోజుకు వందసార్లు ఆ నోటును చేతులు మార్చే మనిషి దాని వెనక ఏముందో ఆరోజే మొదటిసారి చూశాడు. చూసి, నన్ను చూసి, నోటు నా జేబులో తనే కుక్కి, "పాగల్" అని పక్కవాడికి చాయ్ పోశాడు.

నోటును వెనక్కి తిప్పి బొమ్మ చూసే పిచ్చివాళ్లు, మేం నేతపనికి వలసవచ్చిన ఈ పరాయి ఊళ్లో, నెల కిందటి దాకా ఇద్దరం ఉండేవాళ్లం. ఇప్పుడు నేనొక్కడినే మిగిలాను. అసలు పిచ్చి ఆయనది. నాది అంటుకున్నది.

ఆయన లింబాయత్‌లో మా కార్ఖానాకు గ్రాఫ్ మాస్టర్. చీర మీద నెమలి రావాలన్నా, మామిడిపిందె రావాలన్నా ముందు ఆయన గళ్ల కాగితం మీద రంగులతో దింపాలి. నిలువు గళ్ల వరస ఒక్కోటీ పడుగులో ఒక పోగు, అడ్డం గళ్ల వరస ఒక్కోటీ పేకలో ఒక పోగు. ఆ గళ్లను చూసి అట్టలకు బెజ్జాలు కొడతారు, ఆ బెజ్జాల ప్రకారం సాంచ, అంటే కరెంటు మగ్గం, నేస్తుంది. నేను అదే కార్ఖానాలో సాంచలు బాగుచేసే మిస్త్రీని. సాంచ ఆగితే నన్ను తిట్టాలి, నెమలికి మూడో కాలొస్తే ఆయన్ను తిట్టాలి. ఇరవై రెండేళ్లలో నన్ను తిట్టని రోజు లేదు, ఆయన్ను తిట్టిన రోజు లేదు.

మనిషి ఎంత సన్నమంటే, పడుగు చుట్టిన బీమ్ పక్కన నిలబడితే తెగిన పోగనుకుని ఎవరో ముడి వేయబోయారు. ఒక చెవి మీద కుంచె, రెండో చెవి మీద బీడీ. పనిలో మునిగినప్పుడు ఏ చెవి మీద ఏది ఉందో మరిచిపోయేవాడు. ఒకసారి కుంచెను వెలిగించుకున్నాడు. బీడీతో చిలక రెక్కకు ఆకుపచ్చ పూశాడని కూడా నేను చెబుతుంటాను గాని, అది నేను చూడలేదు.

పగార్ ఇచ్చే రోజున కార్ఖానా అంతా ఎంతొచ్చిందని చూసుకుంటుంటే, ఆయన ఏమొచ్చిందని చూసుకునేవాడు. నోట్లను బల్ల మీద పరిచి, బజారులో చీరలు ఎంచినట్టు ఎంచేవాడు. నేను ఆ కార్ఖానాలో చేరిన కొత్తలో, మొదటి పగార్ నోటు జేబులో పెట్టుకోబోతుంటే చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగు. సూసినవా?"

"సూసిన. సరిపోయింది."

"సరిపోవుడు గాదురా. అంచు సూసినవా? నడుమ బుటా సూసినవా? మీ తాత నేసిన బట్టైతె ఇట్ల ముడిసి కీసల పెడ్తువా?"

"గిది బట్ట గాదు గద కాకా."

"ఎవడన్నడు? అంచున్నది, కొంగున్నది, ఒడలున్నది. నేసినోడి పేరు మట్టుకు లేదు. మనం నేసిన చీర మీద మన పేరున్నదా? గిదీ గంతే."

ఆ తర్వాత ఎన్ని కొత్త నోట్లు వచ్చినా ఆయన తీర్పు వినకుండా మా కార్ఖానాలో ఎవరూ ఖర్చుపెట్టలేదు. పది నోటు వెనక రాతి చక్రాన్ని చూసి, "గిది తిప్పితె సాంచ నడుస్తది" అన్నాడు. యాభై మీది రాతి రథాన్ని చూసి, "రథం మంచిగున్నది, గుంజెటోళ్లు తక్కువైండ్రు" అన్నాడు. రెండు వందల నోటు పసుపు చూసి, "గిది నోటు గాదు, పెండ్లిపిల్ల" అని మురిశాడు. ఐదు వందల బూడిద రంగు మాత్రం ఆయనకు నచ్చలేదు. "ఎర్రకోటను తీస్కపోయి బూడిదల ముంచిండ్రు. గీ రంగు చీర సలాబత్‌పురా బజార్ల ఒక్కడన్న కొంటడా?" రెండు వేల నోటు వచ్చినప్పుడు ముద్ద గులాబీ రంగును బొటనవేలితో రుద్ది, "రంగు నిలువది, రెండు ఉతుకులల్ల పోతది" అన్నాడు. కొన్నేళ్లకు దాన్ని వెనక్కి తీసుకుంటున్నామని ప్రకటన వచ్చిన రోజు ఆయన కార్ఖానాలో నడిచిన నడక చూడాలి. పెద్ద బ్యాంకువాళ్లు తనను అడిగే ఆ పని చేశారన్నట్టు నడిచాడు.

ముందువైపు నవ్వే కళ్లద్దాల తాత బొమ్మ దగ్గర మాత్రం ఎగతాళి ఉండేది కాదు. "గా నవ్వు సూడు. పండ్లు లేనోడి నవ్వును గీతలల్ల దించుడంటె మాటలా? నాకు రాదు," అనేవాడు. తనకు రానిది ఒకటుందని ఆయన ఒప్పుకున్నది అక్కడే.

కార్ఖానాలో చివరి రెండేళ్లలో ఆయనకు ఒక కొత్త వంకర వచ్చింది. ఎవరు మాట్లాడినా మొహంలోకి చూడడం మానేశాడు. తల పక్కకు వంచి, కోడి గింజను చూసినట్టు ఓరగా చూసేవాడు. కొత్తవాళ్లు పొగరనుకున్నారు. కార్ఖానా యజమాని సేఠ్‌తో పడక అతని ముఖం చూడనని ఒట్టు పెట్టుకున్నాడని, అది అలవాటై అందరికీ పాకిందని నేను ఒక కథ అల్లి లింబాయత్ నుంచి పర్వత్ పాటియా దాకా తిప్పాను. జనం నమ్మారు. నేను చెప్పేది జనం నమ్మడం నాకు ఎప్పుడూ పెద్ద ఆశ్చర్యం కాదు.

ఆ రోజుల్లోనే సలాబత్‌పురా వ్యాపారి ఒకాయన కార్ఖానాకు వచ్చాడు. లావెండర్ రంగు వంద నోటు తీసి బల్ల మీద బోర్లా పెట్టాడు. దాని వెనక పాటణ్‌లోని దిగుడుబావి ఉంది. పూర్వం ఒక రాణి పోయిన భర్త గుర్తుగా కట్టించిందని వ్యాపారి చెప్పాడు. ఆ బావి చీర కొంగు మీద కావాలి. అదే రంగు, అదే వరస. నవరాత్రికి దుకాణంలో ఉండాలి. చీర కొన్న ఆడవాళ్లు ఇంటికి పోయి నోటు పక్కన పెట్టి చూసుకోవాలి.

ఆయన నోటును తీసుకుని అంచులు తడిమాడు. "మొగడు వొయినంక బాయి తవ్విచ్చిందా? మంచి పని జేసింది. మనోళ్లు బోరు గూడ ఎయ్యరు," అన్నాడు. ఆ సాయంత్రం నాతో, "నలబై ఏండ్ల సంది నేను నోట్లను సూస్తున్న. ఇయ్యాల నోటే నడుసుకుంట నా తానికొచ్చింది," అన్నాడు. 

ఆ కొంగు మీద ఆయన అంత ఆశ పెట్టుకోవడానికి ఇంకో కారణం ఉంది. అప్పటికి చుట్టుపక్కల కార్ఖానాలన్నీ గళ్ల కాగితాలు పారేసి కంప్యూటర్లు తెచ్చుకున్నాయి. మా సేఠ్ మంచివాడే గాని, మంచితనానికి కరెంటు బిల్లు కట్టలేకపోతున్నాడు. "మాస్టర్, ఈ కొంగు నీ చేత్తో తప్పు లేకుండా వస్తే నీ బల్ల ఉంటుంది. లేకపోతే ఆ జాగాలో కంప్యూటర్ పెడతా," అని హిందీలో, నవ్వుతూ, ఖరాఖండిగా చెప్పాడు. ఆ బల్ల తప్ప ఆయనకు ఈ ఊళ్లో ఇంకో చిరునామా లేదు. ఇంట్లో కొడుకూ కోడలూ ఉన్నారు, వాళ్లు మంచివాళ్లే. కానీ ఇంట్లో ఆయన మామ, బాపు. మాస్టర్ అయ్యేది ఆ బల్ల దగ్గరే.

సరిగ్గా ఆ సమయంలో నేను ఒక గొప్ప పని చేశాను.

లింబాయత్ గల్లీల్లో పిల్లలు కొనుక్కునే పుల్లటి చూరన్ పొట్లాలతో పాటు ఆట నోట్లు అమ్ముతారు. ఐదు వందల నోటు మాదిరి ఒకటి దొరికింది. తాత బొమ్మ ఉండవలసిన చోట కళ్లద్దాలు పెట్టుకున్న కోతి. పళ్లన్నీ బయటపెట్టి ఇకిలిస్తోంది. ఆ కోతి నా కోసమే పుట్టి, నా కోసమే అచ్చయిందనిపించింది. మధ్యాహ్నం చాయ్ బండి దగ్గర పదిమందిని పోగుచేశాను. జనం ముందు ఆయన చేతిలో ఆ నోటు పెట్టి, "కాకా, జర గిది సూడు. కొత్త రకమట," అన్నాను.

ఆయన తల వంచాడు. ఓరగా చూశాడు. బొటనవేలు అంచు మీద నడిపించాడు. 

"నకల్ కొట్టిండ్రు," అన్నాడు. "అసలు నోటుకు రెండు దిక్కులా అంచుల ఐదు గీతలు చేతికి తల్గుతయి. గిండ్ల ఒక్కటి లేదు. కాయిదం జూస్తె గంజి వెట్టని బట్ట తీర్గ ఏలవడ్డది."

"మొఖం ఎట్లున్నది కాకా?"

"మొఖం మట్టుకు మంచిగ దింపిండురా. గా నవ్వు సుత అచ్చం గట్లనే వొచ్చింది."

బండి చుట్టూ నవ్వు పేలింది. మాస్టర్ మిస్త్రీని గెలిచాడని, కోతిని చూసి కూడా చూడనట్టు మాట్లాడి అందరినీ వెర్రివాళ్లను చేశాడని జనం అనుకున్నారు. ఒకడు చాయ్ ఒంటి మీద పోసుకున్నాడు. అందరికన్నా గట్టిగా నేను నవ్వాను. నవ్వుతూ ఆయన మొహం చూశాను. ఆయన కూడా నవ్వుతున్నాడు, కానీ ఒక అడుగు వెనకపడి నవ్వుతున్నాడు. ఒకరి నవ్వు మీంచి ఇంకొకరి నవ్వు మీదికి తల తిప్పుకుంటూ, దేనికి నవ్వాలో వెతుక్కుంటున్నాడు.

నేను ఆ నోటును ఆయన చేతిలోంచి తీసుకుని జేబులో కుక్కుకున్నాను.

ఇద్దరం కార్ఖానాకు తిరిగి నడిచాం. గేటు దగ్గర ఆయన ఆగి అడిగాడు.

"ఏముండెరా దాని మీద?"

"కోతి, కాకా."

"కోతా?"

"అద్దాలు వెట్టుకున్న కోతి."

ఆయన చెవి మీది బీడీ తీసి, వెలిగించకుండా వేళ్ల మధ్య తిప్పుతూ చెప్పాడు.

"నడుమ కనవడదురా నాకు. దేన్ని జూస్తే గది మాయమైతది. సుట్టు ఉన్నదంత కనవడ్తది. నిన్ను జూస్తె నీ చెవులు కనవడ్తయి, మెడ కనవడ్తది, మొఖం ఉండదు. కంటెనక పరద నడుమ అరిగిందన్నడు డాక్టరు. అద్దాలతోటి గాదట. నోటును ముంగట వెట్టుకుంటె అంచులన్ని ఉంటయి, రాతలుంటయి. గా ముసలాయన మట్టుకు లేసి యాడికో వొయిండు."

"ఎన్నొద్దుల సంది?"

"రెండేండ్లకొచ్చింది."

రెండేళ్లు. ఆ రెండేళ్లలో ఆయన దించిన నెమళ్లను, పిందెలను, ఏనుగులను నేను మనసులో లెక్కపెట్టబోయి మానేశాను. అవన్నీ నలభై ఏళ్ల అలవాటు మీద వేసినవి. చేతికి తెలుసు, కంటితో పని లేదు. కానీ దిగుడుబావి ఆయన చేతికి తెలియదు. అంతవరకు ఎవరూ దాన్ని గళ్లలోకి దించలేదు.

"సేఠ్‌కు చెప్పకు కొడుకా," అన్నాడు. "గీ కొంగొక్కటి దింపనియ్యి."

ఆ మరునాటి నుంచి మధ్యాహ్నం తిండి వేళ మేమిద్దరం కార్ఖానా మిద్దె మీద, నీళ్ల ట్యాంకు నీడలో కూర్చునేవాళ్లం. కింద సాంచల మోతకు మిద్దె గజగజ వణుకుతుండేది, పెరుగు గిన్నెలో పెట్టుకుంటే వెన్న తేలేది. నేను భూతద్దంతో నోటు చూసి చెప్పాలి, ఆయన గళ్లలో వెయ్యాలి. కాగితం మీద పదో గడి పదో గడికి గుండుసూదులు గుచ్చుకున్నాడు. వేలితో సూదిని తడిమి, అక్కడి నుంచి గళ్లు లెక్కపెట్టుకుని, తల పక్కకు వంచి కుంచె ఆనించేవాడు. ఒక్కో గడి కప్పడానికి ఆయనకు పట్టే సమయంలో నేను ఒక సాంచ మొత్తం విప్పి బిగించగలను.

"జెప్పు. మీదికెల్లి దిగు."

"మీద గోడ, కాకా. దాని కింద కంబాల వరస."

"కంబం నున్నగున్నదా, సెక్కిందా?"

"సెక్కిందే. నడుమ సన్నగ, మీద గంప లెక్క."

"గంపెంత? కంబం మందానికి రెండింతలా, ఒకటిన్నరా?"

ఇలా అడిగేవాడు. అబద్ధానికి ఆయన ఎక్కడా సందు ఉంచేవాడు కాదు. మూడు రోజులు నేను అచ్చంగా ఉన్నదున్నట్టు చెప్పాను. నా జీవితంలో వరసగా అన్ని రోజులు నిజం చెప్పింది అప్పుడే. నాకు జ్వరం వచ్చినట్టయింది.

నాలుగో రోజుకు మెట్ల దగ్గరికి వచ్చాం. మెట్టు, దాని కింద మెట్టు, దాని కింద మెట్టు. ఎండ. సాంచల మోత. చివరి మెట్టు కూడా అయిపోయింది.

"ఇగేమున్నది?" అన్నాడు.

ఏమీ లేదు. కానీ "ఏం లేదు" అనే మాట నా నోటికి అలవాటు లేదు. ఆయన కుంచె పైకెత్తి, చెవి నా వైపు పెట్టి, అంత ఆశగా కూర్చున్నాడు.

"ఒక ఆడామె ఉన్నది, కాకా."

"ఆడామెనా?"

"ఆఖరి మెట్టు మీద. నడుం మీద బిందె వెట్టుకొని దిగుతున్నది."

"గిన్నొద్దులు జెప్పవైతివి?"

"కండ్లకు ఆననంత సన్నగున్నది. గిప్పుడే కనవడ్డది."

"చీరెట్ల గట్టింది?"

"గోసి వెట్టి. మన దిక్కోళ్ల లెక్క."

ఆయన నన్ను చాలాసేపు పక్కచూపుతో చూశాడు. తర్వాత తల కాగితం మీదికి వంచి, "ఏ కాలు ముంగటున్నది?" అని మాత్రం అడిగాడు.

"ఎడమ కాలు," అన్నాను.

తెల్లవారి నిజం చెబుదామనుకునే ఇంటికి పోయాను. తెల్లవారి మిద్దె ఎక్కేసరికి ఆమె గళ్లలో నిలబడి ఉంది. గోసి పెట్టి కట్టిన చీర, నడుం మీద బిందె, ఒక పక్కకు ఒరిగిన భుజం, ముందుకు పడిన ఎడమ కాలు. మిగతా బావి అంతా నోటు మీద ఉన్న బావే, అందంగానే ఉంది. కానీ ఆమె పక్కన అది రాయిలా ఉంది. ఇరవై రెండేళ్లలో ఆయన వేసిన బొమ్మల్లో ఊపిరి ఆడే బొమ్మను నేను అప్పుడే చూశాను. నిజం చెప్పకుండానే భూతద్దం జేబులో వేసుకున్నాను.

అట్టలు కొట్టారు. సాంచకు ఎక్కించారు. మొదటి కొంగు నేసిన రోజు వ్యాపారి వచ్చాడు. బల్ల మీద కొంగు పరిచి, పక్కన లావెండర్ నోటు పెట్టాడు. సేఠ్ ఒకవైపు, ఆయన ఒకవైపు. నేను సాంచ బిగిస్తున్నట్టు నటిస్తూ, పానా పట్టుకుని మూడు అడుగుల దూరంలో.

వ్యాపారి కంబాలు చూసి "వాహ్" అన్నాడు. మెట్లు చూసి మళ్లీ "వాహ్" అన్నాడు. తర్వాత అతని వేలు చివరి మెట్టు మీద ఆగింది.

"ఆ కోణ్ ఛే?" అన్నాడు. ఎవరీమె అని.

 వ్యాపారి నోటు ఎత్తి వెలుగులో పెట్టి చూశాడు. సేఠ్ చూశాడు. "మాస్టర్, నోటు మీద ఈ ఆడమనిషి లేదు కదా?"

ఆయన తల కొంచెం పక్కకు తిప్పుకుని తన హిందీలో అన్న మాటను నేను తెలుగులో రాస్తున్నాను. "బాయి అన్నంక నీళ్లకు ఎవ్వలన్న వస్తరు గద, సేఠ్."

వ్యాపారి నవ్వాడు. అతనికి ఆ మాట నచ్చింది. కానీ నచ్చడం వేరు, వ్యాపారం వేరు. నోటు మీద ఉన్నది ఉన్నట్టు కావాలి, ఈమెను తీసేసి మిగతాది నెయ్యండి అన్నాడు. సేఠ్ గ్రాఫ్ కాగితం తెప్పించి బల్ల మీద పెట్టి, కుంచె చేతికిచ్చాడు. "ఎంత పని మాస్టర్, నాలుగు గళ్లు కప్పేస్తే పోయె. ఇప్పుడే కప్పెయ్."

ఆయన కుంచె తీసుకున్నాడు. అట్టలు కొట్టేవాళ్లకు ఇచ్చేటప్పుడే కాగితంలోని గుండుసూదులు తీసేశారు. ఆయన తల వంచాడు. ఎడమ చేతి వేళ్లు కాగితం కింది అంచు నుంచి పైకి నడిచి ఆగాయి. కుడి చేయి కాగితం మీదికి వచ్చింది. నేను మూడు అడుగుల దూరం నుంచి చూశాను, ఈ ఒక్క సంగతిలో నా మాట నమ్మాలి. కుంచె కొన సరిగ్గా ఆమె మీదే ఉంది. వెంట్రుకవాసి తేడా లేదు. రంగు ఆనించడమే తరవాయి.

ఆయన కుంచె కింద పెట్టాడు.

"నాకు నడుమ కనవడదు సేఠ్," అన్నాడు. "రెండేండ్లాయె. జెప్పలే. తప్పు నాదే."

నేను నోరు తెరవాలి. ఆమెను కల్పించింది నేనని చెప్పాలి. రెండు వీధుల అవతలికి వినబడేలా అబద్ధాలు చెప్పే గొంతు నాది. ఆరోజు అది ఒక్క నిజాన్ని మోయలేకపోయింది. పానాతో, బిగిసి ఉన్న నట్టునే మళ్లీ బిగించాను.

సేఠ్ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. కుర్చీ లాగి ఆయన్ను కూర్చోబెట్టాడు, చాయ్ తెప్పించాడు, లెక్కకు మించి కొంత డబ్బు చేతిలో పెట్టాడు. ఆయన ఆ నోట్లను పరిచి చూడలేదు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆయన నోటును అలా మడవడం నేను ఇరవై రెండేళ్లలో చూడలేదు. పోతూ పోతూ ఒక్కటే అడిగాడు, ఆ మొదటి కొంగు ఇస్తారా అని. అమ్మడానికి పనికిరాదు గనక ఇచ్చారు. వారంలో ఆ జాగాలో కంప్యూటర్ వచ్చింది. అది ఆమెను ఒక్క నిమిషంలో తీసేసింది. నవరాత్రికి సలాబత్‌పురా దుకాణాల నిండా దిగుడుబావి చీరలు వేలాడాయి. ఒక్క బావికీ మనిషి లేదు.

ఆయన కన్నుమూయడానికి రెండు నెలల ముందు పర్వత్ పాటియాలోని వాళ్ల ఇంటికి పోయాను. అంతకుముందే పోవలసింది. పోకపోవడానికి నేను చెప్పుకున్న కారణాలన్నీ రాస్తే ఒక పుస్తకమవుతుంది, అన్నీ అబద్ధాలే.

కోడలు తలుపు తీసింది. "దినమంత గట్లనే కూసుంటడన్నా. చీర్ముక్క తోని ఖేల్తా రహ్తా, పోరగాని లెక్క," అని లోపలికి చూపించింది.

కిటికీ పక్కన మంచం మీద ఆ కొంగు ఒడిలో పరుచుకుని కూర్చున్నాడు. నా అడుగుల చప్పుడుకే, "ఏందిరా మిస్త్రీ, ఎన్ని సాంచలు ఖరాబు జేసినవ్?" అన్నాడు. కాసేపు కార్ఖానా ముచ్చట్లు చెప్పాను. ఒక్కటీ పెంచలేదు, అన్నీ చప్పగా ఉన్నాయి. చివరికి వచ్చిన పని ఎత్తాను.

"కాకా, నీతోని ఒకటి చెప్పాలె. గా బిందె పట్టుకున్న ఆడామె..."

"నోటు మీద లేదు."

నా మాటను ఆయనే పూర్తి చేశాడు.

"నువ్వు జెప్పిన్నాడే ఎర్కరా," అన్నాడు. "నోటెంత, గండ్ల బాయెంత, గా బాయిల ఆఖరి మెట్టెంత? గా మెట్టు మీద గోసి వెట్టుకున్న ఆడామెను ఎవడన్న అచ్చు గొట్టగల్గుతడా? నలబై ఏండ్లు గళ్లు లెక్కవెట్టినోనికి గంత ఎర్కుండదా?"

"మరి ఎందుకేసినవ్ కాకా? సేఠ్ తుడ్వమన్నప్పుడన్న తుడిస్తె నీ బల్ల నీకుండు."

ఆయన వేళ్లు కొంగు మీద నడిచాయి. కంబాలు దాటాయి, మెట్లు దిగాయి, చివరి మెట్టు మీద ఆగాయి. అక్కడ పేక పోగులు కొంచెం ఉబ్బెత్తుగా ఉన్నాయి.

"కనవడ్డదిరా," అన్నాడు. "నువ్వు నడుం మీద బిందె అన్నప్పుడే కనవడ్డది. నడిమిట్ల. సక్కగ నడిమిట్ల. రెండేండ్లల్ల నాకు నడిమిట్ల కనవడ్డది గామె ఒక్కతే. ఎట్ల తుడుస్త?"

 కింద గల్లీలో షేర్ ఆటోవాడు లింబాయత్, లింబాయత్ అని అరుస్తున్నాడు. ఆయన వేలు ఆమె మీదే ఉంది.

"ఒకటి జెప్పు," అన్నాడు. "అప్పుడు నేనడగలే, నువ్వు జెప్పలే. మొఖం ఎట్లున్నది?"

కళ్లు, ముక్కు, ముక్కుపుడక, చెంపల మీద పసుపు, అన్నీ నా నాలుక చివర వరసగా వచ్చి నిలబడ్డాయి.

"అటు దిరిగున్నది, కాకా," అన్నాను. "నీళ్ల దిక్కు."

"గట్లనా." ఆయన కొంగును మోకాళ్ల మీదికి సర్దుకుని, వీపు గోడకు ఆనించి, తల పక్కకు వంచకుండా సూటిగా ముందుకు చూశాడు.

"ముంచుకోనియ్యి," అన్నాడు. "బిందె నిండినంక ఇటు దిరుగుతది."